రెండంగుళాల లూజు

ఫారంలో రాసింది టైలరమ్మే. చేతిరాత ఆమెదే, సంతకమూ ఆమెదే. కాదనడానికి లేదు.

అపార్ట్‌మెంట్ కొత్త నియమం ప్రకారం ఇరవై ఎనిమిది అంగుళాల ఎత్తు మించిన కుక్క భవనంలో ఉండకూడదు. టైలరమ్మ పెంచుకునే గున్న గ్రేట్ డేన్ జాతి ఆడకుక్క. ఆ జాతి ప్రమాణాల ప్రకారం ఆడదాని ఎత్తు ఇరవై ఎనిమిదికి తగ్గకూడదు. ఇక్కడేమో మించకూడదు! ఫారంలో ముప్పై అని ఉంది కాబట్టి ఆదివారంలోగా కుక్కను పంపించెయ్యమని సెక్రటరీ నోటీసు ఇచ్చాడు.

తప్పెక్కడ జరిగిందో చదవగానే టైలరమ్మకు తెలిసిపోయింది. పాతికేళ్ళుగా టేపు పట్టిన చెయ్యి. ఛాతీ అయినా నడుమైనా రెండంగుళాల లూజు కలిపి రాయడం అలవాటు. గున్న మూపు దగ్గర టేపు పెడితే ఇరవై ఎనిమిదే వచ్చింది. రాసేటప్పుడు చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

"వాళ్ళతో గొడవెందుకు వదినా? మా ఫ్రెండు తోటలో వదిలేద్దాం," అంది ఇంట్లోనే ఉండే ఆడపడుచు.

"తప్పు చేసింది నేనైతే ఇల్లు వదలాల్సింది అదా?"

ఒళ్ళు మండిపోతుంటే టైలరమ్మ గున్నను తీసుకుని తిన్నగా కింద ఆఫీసు గదికి వెళ్ళింది.

"మళ్ళీ కొలవండి," అంది సెక్రటరీతో.

"మీరే రాశారు కదమ్మా! ఇప్పుడు కాదంటే ఎలా?"

"మీరు వేసుకున్న ప్యాంటు కుట్టింది నేనే. నా పుస్తకంలో మీ నడుం నలభై అని ఉంది. అదీ నేనే రాశాను. మీ నడుం నలభయ్యా?"

"ముప్పై ఎనిమిది!" అన్నాడు సెక్రటరీ రోషంగా.

"మరి ఆ రెండూ ఎక్కడివి? మీరు హాయిగా కూర్చుంటారని నేను వదిలినవి. దీనికీ అలాగే వదిలాను. ఇది ప్యాంటు వేసుకోదన్న సంగతి తట్టలేదు."

పక్కనున్న గుమాస్తా నవ్వాపుకోలేక ఫైల్లో తల దూర్చాడు. సెక్రటరీ ముఖం గంటు పెట్టుకుని సొరుగులోంచి ఇనుప టేపు తీసి, నేల నుంచి గున్న చెవుల దాకా లాగాడు.

"ముప్పై ఎనిమిది!"

"చెవుల దాకా కొలుస్తారా ఎవరైనా? ఏ కుక్కనైనా మూపు దగ్గర కొలవాలి. మెడా వీపూ కలిసేచోట."

"ఇంకా పెరిగితే?"

"దానికి నాలుగేళ్ళు. ఎత్తు పెరగడం ఎప్పుడో ఆగిపోయింది."

సెక్రటరీ మళ్ళీ వంగాడు. దగ్గరికొచ్చిన మనిషి మీద వాలిపోవడం ఆ జాతికి అలవాటు. గున్న తన యాభై కిలోలూ ఆయన మీద మోపేసరికి ఆయన గోడకు అతుక్కుపోయాడు. టైలరమ్మకు నవ్వు రాలేదు. తన గుడ్డ టేపు పాతది. అది సాగి ఉంటే? అసలు ఎత్తు ఇంకా ఎక్కువైతే? ఆమెకు భయం వేసింది. అయినా తల దించలేదు.

"ఎక్కువొచ్చినా దీన్ని పంపను. పోతే ఇద్దరం కలిసే పోతాం. ముందే చెబుతున్నాను," అంది.

"ఇరవై ఎనిమిది," అన్నాడు సెక్రటరీ గోడ దగ్గర్నుంచే, నీరసంగా. "దీన్ని కాస్త లాగండమ్మా."

గుమాస్తా కొత్త ఫారం ఇచ్చాడు. ఎత్తు అన్న గడి దగ్గరికి రాగానే పెన్ను అలవాటుగా మూడు అంకె వైపు తిరిగింది. టైలరమ్మ ఎడమ చేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని, ఇరవై ఎనిమిది అని రాసింది.

"పాతికేళ్ళలో లూజు వదలకుండా రాసింది ఇదొక్కటే," అంది సెక్రటరీతో. "రెండోది మీ ప్యాంటుకే రాస్తాను."

గున్నను తీసుకుని మెట్లెక్కింది.