చూరులో దోపిన గ్లాసు

నేను ఒక గాజు గ్లాసుని. డజను అక్కచెల్లెళ్ళం ఒకే అట్టపెట్టెలో, గడ్డి మధ్య ఒదిగి బసవయ్య టీకొట్టుకి వచ్చాం. ఆయన పదకొండు మందిని లోపల బల్ల మీద పెట్టి, నన్ను మాత్రం బయట చూరులో దోపాడు. నాలో పగులు లేదు, వంకర లేదు. గాలి తగిలే చోటు కదా, నా మీద ఇష్టమనుకున్నాను.

తర్వాత తెలిసింది, నేను దళితవాడ వాళ్ళకట. వాళ్ళు నన్ను తీసుకుని, పైనుంచి టీ పోయించుకుని, తాగి, కడిగి మళ్ళీ దోపాలి. లోపలి అక్కచెల్లెళ్ళని బసవయ్య పొద్దున పట్టిన బకెట్ నీళ్ళలోనే సాయంత్రం దాకా ముంచి తీసేవాడు. కొట్టులో శుభ్రమైన గ్లాసుని నేనే. నేను మైలని ఊరి పెద్దలు తేల్చారు. అక్కచెల్లెళ్ళ గలగల వినిపించేది, కలిసే దారి లేదు. విడదీసినవాడికి నిద్ర బాగానే పట్టేది.

అంటరానితనం నేరమని చట్టం అప్పటికే ఉంది. అదీ నాలాగే బయట వేలాడుతుండేది.

ఒకరోజు నాట్లనుంచి వస్తూ దళితవాడ సువార్తమ్మ నన్ను ముట్టుకోలేదు. లోపలి గ్లాసులో పొయ్యమంది. "మా చేత్తో నాటిన బియ్యం తింటారు గదా, గ్లాసు కాడ ఏమొచ్చింది?" అనడిగింది. మర్నాడు పంచాయతీ ప్రెసిడెంటు మనుషులు ఆమె అన్న దేవదానం కాలు కొట్టు ముందే విరగ్గొట్టారు. బసవయ్య చూశాడు. పోలీసులు అడిగితే, పాలు పొంగుతుంటే అటు చూస్తున్నానన్నాడు. ఆ పూట పాలవాడు అసలు రానేలేదు.

దళితవాడ మొత్తం తాలూకా ఆఫీసు ముందు రోడ్డు మీద కూర్చుంది. ఇంతకంటే ఘోరాలు జరిగిన ఊళ్ళలో వేలమంది కూర్చున్నారు, లాఠీలు తిన్నారు. ఏళ్ళు గడిచాయి. కోర్టు కూడా తొందరపడలేదు. వాడలో ఇంకెవరూ నన్ను ముట్టుకోక, నాలో సాలెపురుగు కాపురం పెట్టింది. చివరికి ఢిల్లీలో దళితుల మీద అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ముందస్తు బెయిలు కూడా దొరకదని తెలిసిన పూటే బసవయ్యకి సమానత్వం మీద నమ్మకం కుదిరింది. గబగబా నన్ను కడిగి పదకొండు మందిలో కలిపేశాడు.

కలిపాక నేనెవరో ఆయనకే తెలియలేదు. పెద్దలు వచ్చారు, గ్లాసులెత్తి వెలుతురులో తిప్పి చూశారు, దించారు. ఒక్క పూటలో వాళ్ళందరినీ డాక్టరు టీ మానెయ్యమన్నాడట.

ఖాళీ కొట్టులోకి సువార్తమ్మ వచ్చి బెంచీ మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ 'ఏమే' అన్నవాడు 'ఏమ్మా' అంటూ టీ ఇచ్చాడు. ఇప్పుడందరం ఒకటే గనక ఆ కాలు కేసు వదిలెయ్యరాదా అని నసిగాడు.

ఆమె నిదానంగా తాగింది. "ఈ టీ చట్టం ఇప్పిచ్చింది బసవయ్యా. మా అన్న కాలు ఇరగ్గొడతంటే చూసింది నువ్వు. అది నువ్వే చెప్పాల."

వాయిదా రోజున బసవయ్య కొట్టు కట్టేసి బస్సెక్కాడు. చూసింది చూసినట్టు చెప్పాడట. జైలుకి భయపడో, ఎటూ బేరాలు పోయాయనో, సిగ్గేసో! ఈ వయసులో నేను ఆరాలు తియ్యను.

ఆ సాయంత్రం దేవదానం చేతికర్ర గోడకి ఆనించి లోపల కూర్చున్నాడు. బసవయ్య అందిన గ్లాసు అందించాడు. అది నేనే. దేవదానం నన్ను ఒంటి చేత్తో అందుకుంటుంటే, పడి పగిలిపోతానని నా ప్రాణం నా దగ్గర లేదు. ఆయన రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.