లెన్సు లేని కెమెరా

"నేనొచ్చేలోగా ఆ కాలేజీ పిల్లల ఫొటోల్లో మొహాలన్నీ నున్నగా చేసి ఉంచు. లెన్సుల బీరువా జోలికి మాత్రం పోకు," అని చెప్పి భర్త మూడు రోజుల పని మీద పొరుగూరు వెళ్ళాడు. చెప్పకపోయినా ఆమె పోయేది కాదు. బీరువా తాళంచెవి ఎప్పుడూ ఆయన జేబులోనే ఉంటుంది.

ఇంటి ముందు గదే స్టూడియో. పద్నాలుగేళ్ళుగా అందులో ఓ మూల కంప్యూటర్ ముందు కూర్చుని, ఊళ్ళోవాళ్ళ మొటిమలూ మచ్చలూ కళ్ళ కింది నలుపులూ చెరిపేది ఆమే. ఒక చెవి పొయ్యి మీద, రెండు కళ్ళు తెర మీద. "ఫొటో తీయడం విద్య. నువ్వు చేసేదేముంది, కూర్చుని నొక్కడమేగా!" అంటాడాయన నలుగురి ముందు. ఒకసారి ముచ్చటపడి కెమెరా చేతిలోకి తీసుకుంటే, "వంటింటి చేతులతో లెన్సు ముట్టుకోకు, జిడ్డంటితే పోదు," అన్నాడు. అప్పుడే సబ్బుతో కడుక్కుని వచ్చిన చేతులవి. జిడ్డు లేదు గానీ, ఆ మాట మాత్రం అంటుకుని ఇన్నేళ్ళయినా వదల్లేదు.

ఆ ఉదయం బల్ల తుడుస్తుంటే పాత డిజిటల్ కెమెరా కంటబడింది. దాని లెన్సు ఆయన పట్టుకుపోయి, నోటికి నల్ల ప్లాస్టిక్ మూత బిగించి వదిలేశాడు. చీకటి డబ్బాకి సూది మొనంత కన్నం పెడితే అదే లెన్సు పని చేస్తుందని ఆమె ఎప్పుడో చదివింది. డబ్బా అయితేనేం, కెమెరా అయితేనేం? తుడుపుగుడ్డ అక్కడే పడేసింది.

గోడకి కన్నాలు వేసే డ్రిల్లుతో మూత నడిమధ్య చిల్లు పెట్టింది. కూల్‌డ్రింకు డబ్బా రేకు గోరంత కత్తిరించి, సన్నటి సూది మొన మాత్రం దిగేలా గుచ్చి, అంచులు గరుకుకాగితంతో రుద్దింది. పొడి ఊదేసి, నల్ల టేపుతో ఆ ముక్కని మూత వెనక అంటించింది. కెమెరాని కిటికీకి ఎదురుగా పుస్తకాల దొంతర మీద పెట్టి నొక్కింది.

మొదటి ఫొటో కాటుక. ఇంకాస్త సేపు వెలుతురు తాగనిస్తే రెండోది ఒలికిన పాలు. టేపు సందులోంచి వెలుతురు కారుతోందని పట్టుకుని, మరో చుట్టు వేసి, ఊపిరి బిగబట్టి మూడోది తీసింది. తెర మీద మెల్లగా కిటికీ చట్రం, ఊచలు, అవతల గోడ తేలాయి.

"వచ్చింది!" అని గట్టిగా అరిచింది.

అత్తగారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏం పగలగొట్టావే తల్లీ?"

"ఏం పగల్లేదత్తయ్యా! ఫొటో! లెన్సు లేకుండా తీశా!"

అత్తగారు తెర దగ్గరికి వంగింది. "మసగ్గా ఉందేం? కళ్ళజోడు తీస్తే నాకు లోకం ఇలాగే ఉంటుంది. నా చూపు నీకెలా దొరికిందే?"

కోడలు పకపకా నవ్వింది. "మిమ్మల్ని తీస్తా. ముప్ఫై సెకన్లు కదలకుండా కూర్చోండి."

"బఠాణీలు ఒలవాలి."

"తర్వాత ఇద్దరం ఒలుద్దాం."

అత్తగారు కూర్చుంది గానీ, చేతులు ఊరుకోలేదు. కొంగు సర్దుకుంది, ఒడిలో లేని దుమ్ము దులుపుకుంది. ఫొటోలో కుర్చీ నిక్షేపంగా వచ్చింది, మనిషి పొగలా వచ్చింది.

"నా చేతులేవే?"

"కదిలితే పడవత్తయ్యా."

పెద్దావిడ తన చేతులకేసి చూసుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "ఈ ఇంట్లో నన్ను లేవమన్నవాళ్ళే గానీ, కదలకుండా కూర్చోమన్నదానివి నువ్వే. ఇంకోటి తియ్యి."

ఈసారి కన్ను కూడా ఆర్పలేదు. కిటికీ వెలుతురులో ఆ ముఖం, ఒడిలో మొదటిసారి ఖాళీగా ఉన్న ఆ రెండు చేతులు మెత్తగా, నిండుగా వచ్చాయి. పైన అక్కడక్కడా నల్లచుక్కలు. అవి కెమెరా లోపలి దుమ్మని ఆమె ఇట్టే పోల్చుకుంది, చెరిపేసింది. ముఖం జోలికి మాత్రం వెళ్ళలేదు.

ఆ మూడు రోజులూ ఆమెకి కాళ్ళు నేల మీద లేవు. మేడమెట్లు, ఆరేసిన దుప్పట్లు, వీధి మలుపు, దేన్ని చూసినా ఎన్ని సెకన్లని లెక్క. కాలేజీ పిల్లల మొటిమలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

మూడో రోజు మధ్యాహ్నం భర్త సంచులు దించుతూనే తెర మీద తల్లి బొమ్మ చూసి ఆగిపోయాడు. "ఎవరు తీశారిది?"

"నేనే."

"బీరువా తెరిచావా?"

"లెన్సుతో తీయలేదు."

"లెన్సు లేకుండా ఫొటో ఏంటి?"

"సూదితోరా," అంది తల్లి బఠాణీలు ఒలుస్తూ. "కూల్‌డ్రింకు డబ్బాతో."

అతను చాలాసేపు చూశాడు. "మసకే గానీ... ఏదో ఉంది. షోకేసులో పెడదాం. కింద స్టూడియో పేరు వెయ్యి."

"నా పేరు వేస్తాను."

అతను నవ్వాడు. "సరే, సరదా తీరిందిగా! కాలేజీ వాళ్ళ పని అయిందా?"

"ముట్టుకోలేదు. రేపటినుంచి మధ్యాహ్నాలు ఎండ ఉన్నంతసేపూ నేను బయట ఫొటోలు తీసుకుంటాను."

"మరి ఇవన్నీ ఎవరు చేస్తారు? ఆ కంప్యూటర్ పని నాకు ఒక్క ముక్క రాదు!"

నోరు జారిందని అతనికి తెలియలేదు. ఆమెకి మాత్రం పద్నాలుగేళ్ళలో అందిన మొదటి మెప్పులా వినిపించింది. లేచి తన కుర్చీ వెనక్కి లాగింది.

"కూర్చోండి. నేర్పిస్తాను."