రెండు వేళ్ళ ఖాళీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆఫీసంతా అంటుంది. పటాలు గీసేవాళ్ళకు కోపం పనికిరాదట, చెయ్యి వణుకుతుందట. పద్దెనిమిదేళ్ళుగా గీస్తున్నాను, ఒక్కసారీ వణకలేదు. ఆ వారం మాత్రం ఒళ్ళు మండిపోయింది.

పై లోయకు వెళ్ళే కాలిబాటకు ఎవరో గేటు పెట్టి తాళం వేశారని, కొండలెక్కేవాళ్ళు వచ్చి నా బల్ల ముందు మొర పెట్టుకున్నారు. మా దగ్గరొక నిబంధన ఉంది. మూసేసిన బాటను కొత్త పటం అచ్చుకు వెళ్ళేలోపు మావాళ్ళెవరైనా నడిచి చూడకపోతే, దాన్ని తీసేస్తారు. పటంలోంచి పోతే ఇక బాట పోయినట్టే, గేటు పెట్టినవాళ్ళదే రాజ్యం. పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ అచ్చవుతున్న పటానికి ఇంకా వారమే ఉంది. నేను గీసిన బాటను నా కళ్ళముందే మింగేస్తారా అనుకుని, తాళం తీయమనే ఉత్తర్వు సంచిలో వేసుకుని బయలుదేరాను.

బస్సు ఆగిన చోట టీ కొట్టాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"పైకా? వద్దమ్మా. గేటు దాటాక కొండ పిలుస్తుంది. మన గొంతుతోనే! పలికామా, అంతే సంగతులు."

"నువ్వు విన్నావా?"

"నేనెందుకు వింటాను, నాకేం పిచ్చా? వారానికోసారి సరుకులిచ్చి గేటు దగ్గర్నుంచే తిరిగొచ్చేస్తాను. గేటు కాసే తాళాలక్క చెప్పింది."

"ఆవిడతోనే నాకు పని" అన్నాను.

నాలుగు గంటలు ఎక్కాను. గేటు పక్కన రాళ్ళు పేర్చి కట్టిన ఒంటి గది, దాని ముందు అరవై దాటిన ఆడమనిషి ఒకామె మేకపిల్ల కాలికి గుడ్డ కడుతోంది. తాళాలక్క ఆమే. ఉత్తర్వు ముఖం ముందు పెట్టాను.

"నాకు చదువు రాదు. నువ్వే చదువు" అంది.

ప్రతి మాటా నొక్కి నొక్కి చదివాను. ఆమె ముడి వేయడం పూర్తిచేసి, నడుముకున్న తాళంచెవి తీసింది.

"పద, చూపిస్తా. నా ముందు మాత్రం నడవకు."

దెయ్యాల కథలు చెప్పి జనాన్ని బెదరగొట్టడానికి సిగ్గు లేదా అని దారంతా దులిపేశాను. గంట నడిచాక ఒక పెద్ద బండ పక్కగా మలుపు తిరిగాం.

ఎదురుగా తెల్లటి మైదానం. అబ్బ, ఎంత మైదానం! పాలు పొంగి గిన్నె అంచు దగ్గర ఆగిపోయినట్టు, మా కాళ్ళ దగ్గర్నుంచి అవతలి కొండ దాకా సమంగా, కదలకుండా ఉంది. అవతల బాట మళ్ళీ మొదలవడం కూడా కనిపిస్తోంది. సంబరం పట్టలేక ఆమెను దాటి అడుగు వేయబోయాను. తాళాలక్క నా సంచి పట్టీ పట్టుకుని వెనక్కి గుంజింది. చతికిలబడ్డాను.

ఆమె ఒక రాయి తీసి ఆ తెలుపులోకి విసిరింది. రాయి మాయమైంది. చప్పుడు కోసం చెవులు రిక్కించాను. రాలేదు.

"కూర్చో. గాలి మారుతుంది" అంది.

గాలి మారింది. మబ్బు నడిమికి చీలిపోయింది. దాని కింద నేల లేదు. కొండగోడలు దిగుతూ దిగుతూ నీలమై, ఇంకా దిగి నల్లబడ్డాయి. ఎక్కడో అడుగున నది దారప్పోగంత ఉంది. పక్క గోడ మీంచి దూకిన జలపాతం సగం దూరమైనా చేరకుండానే గాలికి పొగై మళ్ళీ పైకి లేస్తోంది. మాకు చాలా కిందుగా గద్దలు తిరుగుతున్నాయి. బుద్ధెరిగాక ఎగిరే గద్ద వీపు చూడడం అదే మొదలు. నాకు తెలియకుండానే "అమ్మా!" అన్నాను. ఎంతో సేపటికి లోయ అడుగు నుంచి నా గొంతే "అమ్మా" అంది. తర్వాత ఇంకో గోడ అంది, ఆ తర్వాత మరొకటి. ఏడుసార్లు. దండం పెట్టాలనిపించింది కానీ చేతులు లేవలేదు.

"పటం తప్పని మొదట్లో అందరికీ చెప్పాను" అంది తాళాలక్క. "అచ్చయిన కాగితం ముందు మేకలు కాసేదాని మాట ఎవరు వింటారు? నవ్వుకుంటూ ముందుకెళ్ళారు. ఆ రోజు మబ్బు లేదు కాబట్టి బతికిపోయారు. దెయ్యం ఉందన్నాను, చచ్చినట్టు ఆగారు. దానికీ ఆగనివాళ్ళకు తాళం పెట్టాను. మీ ఆఫీసుకు రెండు ఉత్తరాలు కూడా రాయించాను తల్లీ. ఎవరో గట్టిగా చీవాట్లు పెడుతూ జవాబిచ్చారు."

ఆ జవాబు నాదే. పాత పటంలో బాట ఈ పక్క ఆగిపోయింది, ఆ పక్క మళ్ళీ మొదలైంది. మధ్యలో రెండు వేళ్ళ ఖాళీ. మొదట గీసిన పెద్దాయన మరిచిపోయాడనుకుని, కుర్చీలోంచి లేవకుండా స్కేలు పెట్టి కలిపింది నేనే.

"ఆ గీత గీసింది నేనేనక్కా" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఎంతసేపు పట్టింది?" అంది.

"నిమిషం కూడా పట్టలేదు."

"పదకొండేళ్ళయింది" అంది, లోయకేసి చూస్తూ. "ఒక్క పూట కూడా గేటు వదల్లేదు. కింద ఊళ్ళో మా చెల్లెలు మంచాన పడిందట. కబురు మీద కబురు పంపిస్తోంది. ఇప్పుడు చెరిపేస్తావుగా? మరి నేను వెళ్ళొచ్చా?"

చెరపడమూ నిమిషం పనే. కానీ అచ్చయిన నాలుగు వేల పటాలు జనం సంచుల్లో ఉన్నాయి, వాటిలో గీత అలాగే ఉంటుంది. నా పటంలో దాన్ని అడ్డంగా కొట్టేసి, కింద సంతకం చేసి, బస్సువాళ్ళ చేత ఆఫీసుకు పంపమని ఆమె చేతికిచ్చాను.

"నువ్వెళ్ళక్కా. అందరికీ తెలిసేదాకా గేటు దగ్గర నేనుంటాను."

గేటు దాకా తిరిగొచ్చాం. తాళంచెవి నా చేతిలో పెట్టి, మేకలకు నీళ్ళెప్పుడు పెట్టాలో రెండుసార్లు చెప్పింది. తర్వాత కిందికి దిగడం మొదలుపెట్టింది. అంతెత్తున ఉన్న గేటును పదకొండేళ్ళు కాసిన మనిషి, ఊరికి పోయే దారి మోకాళ్ళకు గుర్తు లేక, ఒక్కో రాయీ పట్టుకుని చంటిపిల్లలా దిగింది.