అమ్మ కంట్లో శివారు కాలువ

ఆ శనివారం పొద్దున మా ఇంట్లో అమ్మ, నాన్న, నాయనమ్మ శౌరమ్మ, ఉయ్యూరు నుంచి వచ్చిన డయానా పిన్ని, నేను ఉన్నాం. పిన్ని చంకలో ఆమె కొడుకు ఫిన్నీ కూడా ఉన్నాడు. మర్నాడు వాడి మొదటి పుట్టినరోజు. విందు మా ఇంట్లోనే.

అమ్మకు లూపస్ వచ్చి రెండేళ్లయింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీదికి తిరగబడే జబ్బు అది. ముందు కీళ్లు పట్టుకుంది, తరవాత బుగ్గలు ఎర్రబడ్డాయి. ఇప్పుడు ఎడమ కంట్లో మసక. శుక్రవారం అమ్మతో విజయవాడ కళ్ల డాక్టరమ్మ దగ్గరికి నేనే వెళ్లాను. నాన్న కాలువ మీద లస్కరు. తూములు ఎత్తి పొలాలకు నీళ్లు వదిలే డ్యూటీ మానుకుని రాలేకపోయాడు.

డాక్టరమ్మ చెప్పిందంతా తిరుగు బస్సులోనే డైరీలో రాసుకున్నాను. అది చూసి అమ్మ నా మోచెయ్యి గిల్లింది.

"పుట్టినరోజయ్యేదాకా నోరు విప్పావో, చూడు!"

నేను మామూలుగానే నోరు విప్పను. బళ్లో హాజరు పిలిచినా చెయ్యెత్తి ఊరుకుంటాను.

శనివారం నాన్న ఇడ్లీ తింటూ అడిగాడు. "ఇంతకీ ఏమన్నారే డాక్టరమ్మ?"

"ఏం లేదంట. చూడండి, ఒక్క దెబ్బకి దారం ఎక్కించా" అంది అమ్మ, ఫిన్నీ చొక్కాకి గుండీ కుడుతూ.

"నే చెప్పలా? కంటి మీద నందివర్ధనం పూలు పెట్టుకుంటే పోయేదానికి బెజవాడ దాకా ఎందుకూ?" అంది నాయనమ్మ.

"ఏం లేదనలేదు నాన్నా" అన్నాను. "ఇవాళే ఆస్పత్రిలో చేరమన్నారు. మూడు రోజులు ఇంజక్షన్లు చెయ్యాలంట."

"ఓసినీ! దీనికి మాటలొచ్చాయే!" అంది నాయనమ్మ.

"సుస్మీ!" అని అమ్మ కసిరింది.

"మరి మీ అమ్మకి కనపడుతోందిగా?" అన్నాడు నాన్న.

నాకు తెలిసిన విషయం అది. డైరీ తెరవకుండానే మొదలుపెట్టాను.

"పెద్దకాలువ నిండా నీళ్లున్నా, పిల్లకాలువ పూడిపోతే ఏమవుద్ది నాన్నా?"

"చివరనున్న శివారు చేను ఎండుద్ది."

"అమ్మ కంట్లోనూ అంతే. వెంట్రుక కన్నా సన్నటి రక్తనాళాలుంటాయి. లూపస్ వాటిని వాపెక్కించి మూసేస్తోంది. నెత్తురు అందనిచోట దూదిపింజల్లా తెల్లమచ్చలొచ్చాయి. ఫోటోలో నేనే చూశా, నాలుగున్నాయి. నడిమి చూపుకి నెత్తురిచ్చే నాళం ఇంకా మూసుకోలేదు. అందుకే అమ్మకి సూది కనపడుతోంది. అదీ మూసుకుపోతే..."

"ఎండిన చేను మళ్లీ లేవదు" అన్నాడు నాన్న. పళ్లెం పక్కకి జరిపాడు.

"ఇంజక్షన్లు చేస్తే మొహం గుమ్మడికాయంత అవుద్దండీ. రేపు ఫోటోలు..." అంది అమ్మ.

"వీడికి పుట్టినరోజు ఏటా వస్తదక్కా. నీకు కళ్లు ఏటా వస్తాయా?" అంది పిన్ని.

"వంట సంగతి నాకొదిలెయ్. నీ బిర్యానీ ఎట్టాగూ ముద్దవుద్ది" అంది నాయనమ్మ.

అమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చొక్కా పిన్ని ఒళ్లో పెట్టి గదిలోకి నడిచింది. సంచీ, డైరీ పట్టుకుని నేనూ వెనకే వెళ్లాను.

"నేనూ వస్తానమ్మా. డాక్టరమ్మ ఏమడిగినా చెప్తా."

"సరే, వద్దువుగానిలే. ముందు నన్ను చీర మార్చుకోనీ, తల్లీ" అని అమ్మ నా మొహం మీదే తలుపేసింది.