చచ్చిందన్న సెన్సార్

పొగను బట్టి పెట్రోలు పాళ్లు చెప్పే ఆక్సిజన్ సెన్సార్ కొత్తది బిగించి, కారు ఇంజన్ స్టార్ట్ చేశాను. స్కానర్ తెర మీద గీత పైకీ కిందికీ ఊగాలి. ఊగలేదు. చచ్చిందని చెప్పి చెత్తడబ్బాలో పడేసిన పాత సెన్సార్‌తో ఎలా ఉందో అలాగే కదలకుండా పడి ఉంది.

"పెట్రోలు వాసన ఇంకా వస్తానే ఉందండీ" అన్నారు రాఘవమ్మ గారు. పద్దెనిమిదేళ్ల ఆ కారుతో పామర్రులోని నా షెడ్డుకి ఆవిడ రావడం ఇది మూడోసారి. వెనక సీటు నిండా ఆవిడ నేసిన చీరల మూటలు. "పొద్దున రైలు గేటు మధ్యలో బండి ఆగిపోయింది. గేటు పడతంటే నలుగురొచ్చి తోశారు."

"పాత బండికి నేనేం చెయ్యనండీ!" అని అరిచాను.

"వైరు చూశారా?"

"చూశాను. ఎక్కడా చిట్లలేదు. మగ్గం సంగతి మీరు చూసుకోండి, బండి సంగతి నేను చూసుకుంటా."

ఆవిడ ఇంజన్ ఆపించి, బానెట్ కిందికి వంగి, బండిలోంచి సెన్సార్‌కి వచ్చే వైరును రెండు వేళ్ల మధ్య పట్టుకున్నారు. కళ్లు మూసుకుని మెల్లగా తడుముకుంటూ పోయారు. ఒకచోట వేళ్లు ఆగాయి.

"పైన తొడుగు బానే ఉందండీ. లోపల పోగు తెగింది."

తొడుగు చీల్చాను. రాగి పోగులన్నీ తెగి ఉన్నాయి. మీటరు పెడితే నిమిషంలో తెలిసేది. నేను కంటితో చూసి వదిలేశాను. వైరు కలిపి స్టార్ట్ చేయగానే గీత మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలా ఆడసాగింది.

రాఘవమ్మ గారు చెత్తడబ్బాలోంచి పాత సెన్సార్ తీసి, కొంగుతో తుడిచి నా చేతికిచ్చారు. "ఇది కూడా పెట్టి చూడండి."

పెట్టాను. గీత అలాగే ఆడింది.

"మరి దీన్ని చచ్చిందన్నారేంటండీ?"