ఎర్ర పట్టు కట్టు

రామాంజినమ్మ అందగత్తె అయ్యుంటే లక్ష్మీనరసమ్మకు కొంత ఊరటగానైనా ఉండేది. తిట్టుకోవడానికి ఒక కారణమైనా దొరికేది. అరవైకి దగ్గరపడిన మనిషి, ముందు రెండు పళ్లూ లేవు, ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు ఆయాగా చేసి ఇంట్లో కూర్చున్న మనిషి. అలాంటామె పొద్దున ఎనిమిదింటికి సంచి పట్టుకుని గడపలో కాలు పెట్టగానే, ఎవరి మాటా వినని తన మొగుడు పుల్లన్న బుద్ధిగా కాలు చాపేవాడు. అదీ ఆమె కడుపుమంట.

"ఎట్లుండావన్నా?" అని రామాంజినమ్మ అడిగేది.

"నువ్వొచ్చినావు గదా, ఇంక బాగుంటాది," అనేవాడు పుల్లన్న.

ఇరవై ఆరేళ్ల కాపురంలో తనతో అంత తియ్యటి ముక్క ఒక్కటైనా అన్నాడా? అన్నా, వదినా అని వరసలు కలిపినంత మాత్రాన మంట చల్లారుతుందా?

పుల్లన్న ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. మగ్గం ముందున్న గుంటలో కాళ్లు దించుకుని, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేయడం. చక్కెర జబ్బుందని రెండేళ్ల కిందట తేలింది. ఎండాకాలంలో చెక్కకు లేచిన మేకు అరికాలిలో దిగితే ఆయనకు తెలియనే లేదు. పనిలో పడితే ఒళ్లు తెలియని మనిషని వీధంతా మెచ్చుకుంది. గుంటలో రక్తం చూసి కేకపెట్టింది మాత్రం లక్ష్మీనరసమ్మే. అప్పటినుంచి నాలుగు నెలలు పసుపు పెట్టింది, ఆకుపసరు పిండింది, కదిరి నరసింహస్వామికి మొక్కుకుంది. పుండు మానకపోగా రూపాయి బిళ్లంత అయింది. డాక్టరు చూసి, మాత్రలు రాసి, రోజూ సరిగ్గా కడిగి కట్టు కట్టకపోతే పాదం తీసెయ్యాల్సి వస్తుందన్నాడు. పాదం లేకపోతే తొక్కేదెట్లా? మగ్గమే లేనట్టు.

డాక్టరు మాట మీద అప్పుడొచ్చింది, వీధి చివర ఉండే రామాంజినమ్మ. ఉప్పు వేసి కాచి చల్లార్చిన నీళ్లతో పుండు కడిగేది. వేళ్ల సందులు తడిలేకుండా ఒత్తేది. ఉడకబెట్టి ఆరేసిన తెల్ల పంచె పీలికలు చుట్టేది. మొదటిరోజే తెగేసి చెప్పింది: "మగ్గం దిగన్నా. ఇది మానేదాకా గుంటలో కాలు పెట్టొద్దు."

ఆయన ఆ పూటే దిగాడు. నాలుగు నెలలు గడ్డం పట్టుకుని బతిమాలినా దిగనివాడు! లక్ష్మీనరసమ్మ వంటింట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అయిదు వారాలకు పుండు అంచుల్లో కొత్త కండ ఎర్రగా పట్టి, పావలా అంతకు దిగింది. ఆంజినమ్మ చేతి మహిమ అన్నారు వీధిలోవాళ్లు. నాలుగు నెలలు చీము కడిగిన చెయ్యి ఒకటుందని ఎవరికీ గుర్తు రాలేదు.

కూతురి కాన్పుకని రామాంజినమ్మ నాలుగు రోజులు సోమందేపల్లెకు పోవలసి వచ్చింది. "దినామూ ఇప్పి చూడు వదినా. తెల్లబట్టే కట్టు, చీము కారితే కనపడాల. బిగించొద్దు. ఆ జబ్బుకు కాలు మొద్దుబారి ఉండాది, ఆయప్పకు నొప్పి తెలీదు. నీ కండ్లే చూడాల."

లక్ష్మీనరసమ్మ తలూపింది. నా మొగుని కాలు గురించి నాకే నేర్పుతాండాది అని లోపల పళ్లు కొరికింది.

ఆ తెల్ల పీలికలంటే ఆమెకు మొదటినుంచీ గిట్టదు. పెళ్లిచీర నేసి కోసినప్పుడు మిగిలిన ఎర్ర పట్టు ముక్క పెట్టెలో ఉంది. దాన్ని తీసి మొగుడి పాదానికి చుట్టింది. పట్టు కదా, జారిపోతోంది. జారకుండా బొటనవేలి చుట్టూ పట్టుపోగు నాలుగు వరసలు తిప్పి, తెగిన పోగులు అతికే ముడి వేసింది. లాగేకొద్దీ బిగుసుకునే ముడి అది.

"మెత్తగుండాదే," అన్నాడు పుల్లన్న.

"నొప్పేమన్నా ఉండాదా?"

"రవ్వంత కూడా లేదు."

ఆమె మొహం వెలిగిపోయింది. మరునాడు విప్పలేదు, ఆ మరునాడూ విప్పలేదు. రామాంజినమ్మ వచ్చాక ఆమె కళ్లముందే విప్పి, ఎండిన పుండు చూపించాలని ఉబలాటం.

నాలుగోరోజు పొద్దున వాసన వచ్చింది. పైకి గుడ్డ ఎర్రగానే ఉంది. విప్పితే లోపలంతా చీము. పోగు చుట్టిన చోటినుంచి కొన దాకా వేలు నల్లగా ఉంది.

"ఏమే, టీ ఇయ్యకుండా అట్ల చూస్తాండావు?" అన్నాడు పుల్లన్న. ఆయనకు తెలియనే లేదు. రామాంజినమ్మ చెప్పింది ఏమిటో లక్ష్మీనరసమ్మకు అప్పుడర్థమైంది. కత్తెరతో పోగు తెంచి, జట్కా కోసం వీధిలోకి పరుగెత్తింది.

ఆసుపత్రిలో మధ్యాహ్నానికి వేలు తీసేశారు. ఊరినుంచి దిగిన రామాంజినమ్మ సంగతి విని అటునుంచి అటే వచ్చింది. డాక్టరు ఆమెను చూడగానే మండిపడ్డాడు. "నీ కట్టును నమ్మితే ఇదా రామాంజినమ్మా, నువ్వు చేసిన పని?"

ఆమె లక్ష్మీనరసమ్మ వైపు ఒక్కసారి చూసి తలదించుకుంది. 

రామాంజినమ్మ చేతిలో మహిమేమీ లేదని ఎవరైనా అంటే వినాలని అయిదు వారాలుగా లక్ష్మీనరసమ్మ కోరుకుంది. ఇప్పుడు విన్నది. సిగ్గులేకుండా, ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించింది. మరుక్షణం తనమీద తనకే అసహ్యం వేసింది.

"ఆయమ్మ కాదు సారూ. నేను కట్టినా. ఆయమ్మ ఊర్లోనే లేదు. బిగించొద్దని చెప్పే పోయింది."

"ఇంకా ఆలస్యమైంటే పాదమే పోయేది," అన్నాడు డాక్టరు.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ రామాంజినమ్మ పక్కన కూర్చుని లక్ష్మీనరసమ్మ అంతా నేర్చుకుంది. ఇంటికి పంపేటప్పుడు, "ఇంక నువ్వే కట్టు వదినా," అని ఆమె తప్పుకుంది.

ఇంట్లో మొదటి పొద్దు లక్ష్మీనరసమ్మ సబ్బుతో చేతులు కడుక్కుని, కాలు ముందుకు తీసుకుంది. పుల్లన్న వాకిలి వైపే చూస్తున్నాడు.

"ఆంజినమ్మ రాదా?"

ఆమె చేతులు ఆగిపోయాయి. పాత మంటే మళ్లీ భగ్గుమంది. "ఏం, నా చెయ్యి బాగలేదా?"

"బాగుండాది. నాకే... బయమైతాది," అన్నాడు ఆయన, మొహం పక్కకు తిప్పుకుని.

పుండు మీద పలుచటి గుడ్డ కప్పి లేచి, వీధి చివరి ఇంటికి పోయింది. రామాంజినమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"రా వదినా. ఆయప్పకు నీ చెయ్యే కావాలంట," అంది లక్ష్మీనరసమ్మ. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆమెకు కుళ్లుగానే ఉంది. రామాంజినమ్మ వచ్చేలోపు నీళ్లు కాచి చల్లార్చాలని గబగబా ఇంటికి నడిచింది.