కలశం బోణీ

మొదట పాండురంగం చేతిలో ఉన్నవి ఇవి: ఒకదాని మీద ఒకటి నొక్కితే అతుక్కునే ప్లాస్టిక్ ఇటుకల డబ్బాలు ఐదు, సుబేదారిలో ఒక షట్టరున్న కిరాయి కొట్టు, నెల రోజుల గడువు, ఎక్కిన ప్రతి మెట్టునూ గుర్తుపెట్టుకునే రెండు మోకాళ్లు.

మోకాళ్ల లెక్కే పెద్దది. పందొమ్మిదేళ్లు అతను రేకుపెట్టెలో రిబ్బన్లు, పిన్నులు, పీకలు, కీ ఇస్తే గెంతే కోతులు పెట్టుకుని హసన్‌పర్తి నుంచి ములుగు దాకా వారపు అంగళ్లు తిరిగాడు. పెట్టెను బస్సు టాపు మీదికి ఎక్కించడం, దింపడం, పొద్దుగూకేదాకా ఎండలో నిలబడడం. ఎనభై మూడులో, ఇక కాళ్ల వల్ల కాదని, కొట్టు తీశాడు. తీసిన కొట్టుకు జనం రాలేదు. అంగట్లో ఎగబడి కొన్నవాళ్లే అద్దాల బీరువా చూసి, ఇక్కడ ధర ఎక్కువేమోనని దాటిపోయారు.

అప్పుడు వచ్చింది బొంబాయి బొమ్మల కంపెనీ కరపత్రం. తమ ఇటుకలతో ఏదైనా కట్టి, నెలలోగా దాని ఫొటో పంపిన దుకాణదారుల్లో మేలైనవాడికి జిల్లా ఏజెన్సీ ఇస్తారట. ఇంగ్లీషు చదవడం వచ్చిన ఫొటో స్టూడియో సారంగపాణి దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివి చెప్పాడు. "కింద ఒక షరతున్నది పాండూ. వాళ్ల ఇటుకలు తప్ప ఇంకోటి వాడొద్దట."

ఏజెన్సీ వస్తే సరుకు గుమ్మం ముందుకే వస్తుంది. చిల్లర వర్తకులే వెతుక్కుంటూ వస్తారు. రాకపోతే కొట్టు ఖాళీ చేసి మళ్లీ పెట్టె ఎత్తుకోవాలి.

"కూసునుడా, తిరుగుడా. గంతే లెక్క," అన్నాడు పాండురంగం భార్య రాజేశ్వరితో.

"మరి ఏం గడతవు? మంచిగ ఒక బంగళా గట్టరాదు?"

"బంగళా అందరు గడతరు. రైలు ఇంకో పది మంది గడతరు. గుడి గడత. గుడిని వద్దనాలంటే ఎవనికైనా జర భయమైతది."

భక్తి కాదు, బేరమే. కాని కట్టడం మొదలుపెట్టాక బేరం సంగతి కొన్ని గంటలపాటు మరిచిపోయేవాడు. నాలుగు చిన్న డబ్బాలు, ఒక పెద్ద డబ్బా విప్పి చాప మీద పోస్తే వెయ్యిన్ని మూడు వందల పన్నెండు ఇటుకలు లెక్కకు వచ్చాయి. మొదటి వారం కట్టిన స్తంభాలు రెండుసార్లు ఒరిగి కూలాయి. మూడోసారి అతనికి చిన్నప్పుడు వరంగల్ గల్లా మండీలో చూసిన పని గుర్తొచ్చింది. హమాలీలు బస్తా మీద బస్తా నేరుగా పెట్టరు. ఒక వరుస నిలువు, ఒక వరుస అడ్డం వేస్తారు. అలా వేశాడు. స్తంభాలు నిలిచాయి.

అది ఏ శాస్త్రంలోనూ లేని గుడి. తెల్ల స్తంభాలు నలభై, వాటి మీద ఎర్రటి గోపురం తొమ్మిది అంతస్తులు. బొమ్మ కారు చక్రాలు మిగిలితే అడుగున బిగించి రథం చేశాడు. తెరిచి మూసే చిన్న కిటికీలను గోపురం నిండా పెట్టాడు, దేవుళ్లకు గాలి ఆడాలని. నీలం ఇటుకలతో వాకిలి ముందు కోనేరు పరిచాడు. అన్నిటికన్నా పైన, పెద్ద డబ్బాలో మాత్రమే వచ్చే ఒక్కగానొక్క పసుపుపచ్చ మొన. అదే కలశం. చాప మీద ఒక్క ఇటుక కూడా మిగల్లేదు. పాండురంగం చాప దులిపి మరీ చూసుకున్నాడు.

ఫొటోను ఆ రోజే రిజిస్టరు పోస్టులో వేయకపోతే గడువు దాటిపోతుందనగా, పొద్దున్నే సారంగపాణి కెమెరాతో వచ్చాడు.

"ఫ్లాష్ కొట్టరాదా?" అంది రాజేశ్వరి.

"ఫ్లాష్ కొడితే ప్లాస్టిక్ తళతళమంటది వదినె. గుడి గాదు, సబ్బుపెట్టె లెక్క కనిపిస్తది. ఎండ కావాలె. ఎండ ఎదురు మేడ దాటి లోపలికి రావాలంటే ఇంక పావుగంట." అతను వక్కపొట్లం తీసుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

షట్టరు పూర్తిగా ఎత్తి ఉంది. రాజేశ్వరి ఊడ్చి, ఊదుబత్తి వెలిగించింది. అంటే కొట్టు తెరిచినట్టే. అప్పుడు లోపలికి వచ్చింది ఒక ముసలామె. చంకలో ఖాళీ గంప. ములుగు వైపు అడవి పల్లె నుంచి విస్తరాకులు తెచ్చి, హోటళ్లకు వేసి తిరిగిపోతున్న మనిషి. పేరు సమ్మమ్మ అని తరువాత తెలిసింది.

"సేటు, గా బొంగరం ఎంత?"

ఆమె వేలు గోపురం కొసకు చూపిస్తోంది.

"బొంగరం గాదవ్వ. కలశం."

"తిరిగితె బొంగరమే. మా మనుమరాలికి గావాలె."

"గిది అమ్మేది గాదు. రిబ్బన్లున్నయి, పీకలున్నయి, కోతి చూడు, ఎట్ల ఎగురుతదో."

"కోతులు మా ఊర్ల మస్తుగున్నయి సేటు. పైసలు పెట్టి కొనాల్నా?"

సారంగపాణి పకపకా నవ్వాడు. పాండురంగానికి నవ్వు రాలేదు. "పావుగంట ఆగు అవ్వ, ఫొటో దిగినంక ఇస్త."

"బస్సు ఐదు నిముషాలల్ల పోతది. అది పోతె మల్ల పగటికే. ఇస్తె ఇయ్యి, లేకుంటె పోత." ఆమె కొంగు ముడి విప్పడం ఆపి, గుమ్మం వైపు తిరిగింది.

"పోనియ్యిరా," అన్నాడు సారంగపాణి.

పాండురంగం పోనివ్వలేకపోయాడు. పందొమ్మిదేళ్లలో అతను జ్వరంతో అంగడికి పోయాడు, వానలో తడిసి పోయాడు, తండ్రి పన్నెండో దినం దాటిన మరునాడే పోయాడు. ఒక్కనాడూ బోణీ బేరాన్ని ఒట్టి చేతులతో తిప్పి పంపలేదు. మొదటి మనిషి అడిగిన వస్తువు ఎదురుగా ఉండగా లేదనడం, తన షట్టరు తాను దించుకోవడం. అందులోనూ ఈ రోజు, ఈ ఫొటో తీసే రోజు. భార్య ముఖం చూశాడు. ఆమె కూడా వర్తకుల ఇంట్లో పుట్టిందే. ముక్కాలిపీట తెచ్చి గుడి పక్కన వేసింది.

పీట ఎక్కి, మోకాలు కలుక్కుమంటుంటే, కలశం ఊడదీసి సమ్మమ్మ చేతిలో పెట్టాడు. ఆమె ఇచ్చిన నాణెం కళ్లకద్దుకున్నాడు. ఆమె బస్సుకు ఉరికింది.

గోపురం కొస బోసిగా ఉంది. ఎండ ఎదురు మేడ పిట్టగోడ మీదికి వచ్చింది.

"కలశం లేకుంటె గుడెట్లయితదిరా? మేడయితది," అన్నాడు సారంగపాణి. వక్కపొట్లంలో వెతికి, కత్తిరించని పోకవక్క ఒకటి తీశాడు. అడుగు వెడల్పు, పైన మొన. "ఇగో, పెట్టు."

రాజేశ్వరి ముఖం తేటపడింది. "మంచిదే. నవగ్రహాల పూజల తొమ్మిది వక్కలు పెట్టి తొమ్మిది దేవుళ్లంటం. కలశమెందుకు గాదు?"

షరతు ముగ్గురికీ తెలుసు. ఇటుకలు తప్ప మరొకటి వాడకూడదు. కాని వక్కను మరొక వస్తువని ఆ ముగ్గురిలో ఒక్కరూ అనుకోలేదు. ఏది లేకపోతే దాని చోట వక్క పెట్టడం, పెట్టాక అది అదే అయిపోవడం వాళ్లు పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. ఎండ లోపలికి వచ్చి తెల్ల స్తంభాల నీడలు కోనేట్లో పడ్డాయి. సారంగపాణి ఊపిరి బిగబట్టి మీట నొక్కాడు.

నలుపు తెలుపు ఫొటోలో అది ప్లాస్టిక్‌లా లేదు. ఎక్కడో కొండ కింద వెయ్యేళ్లుగా ఉన్న గుడిలా ఉంది. అన్నిటికన్నా నిజంగా ఉన్నది ఆ వక్కే.

బొంబాయి జవాబు నెల తరువాత వచ్చింది. సారంగపాణి చదివి చెప్పాడు. కట్టడం చాలా మెచ్చదగినది. అయితే పైన ఉన్న భాగం తమ ఏ డబ్బాలోనూ లేదు కనుక పరిశీలించలేమని రాశారు.

"ఎవడో గుమాస్తా పట్టిండు," అన్నాడు సారంగపాణి కోపంగా.

"మంచి గుమాస్తా," అన్నాడు పాండురంగం. "నా దగ్గరుంటె వాన్ని ఎన్నడు పనిలకెల్లి తీసెయ్య."

కొట్టు ఖాళీ చేసేముందు గుడిని విప్పాడు. కట్టడానికి ఇరవై ఎనిమిది రోజులు పట్టింది. విప్పడానికి పూట కూడా పట్టలేదు. ఇటుకలను గుప్పెడు గుప్పెడు పొట్లాలు కట్టి పెట్టెలో వేసుకున్నాడు. ఫొటో ప్రతి ఒకటి పెట్టె మూత లోపల అంటించాడు, ఈ ఇటుకలతో ఏం కట్టొచ్చో పిల్లలకు తెలియాలని. మళ్లీ ములుగు బస్సు, మళ్లీ టాపు, మళ్లీ ఎండ.

ములుగు అంగట్లో మూత తెరిస్తే పిల్లలకన్నా పెద్దలే ముందు చేరారు. "ఏ ఊరి గుడి సేటు?" అని ఒకడు అడిగాడు. ఇంకొకామె చెప్పులు విడిచి దండం పెట్టుకుంది. పాండురంగం నిజం చెప్పబోయి, మోకాళ్లు సలుపుతుంటే, చేరిన బేరాన్ని చెదరనివ్వలేక ఇటుకల పొట్లం ఒకటి ముందుకు జరిపాడు.

అంతలో గుంపును చీల్చుకుని సమ్మమ్మ వచ్చింది. "సేటు, నీ బొంగరం తిరుగుతలేదు!"

"కలశమని చెప్పిన గదవ్వ."

"తిరగకున్నా ఇడుస్తలేదు నా మనుమరాలు. పండినా పిడికిట్లనే." అప్పుడు ఆమె కళ్లు ఫొటో మీద పడ్డాయి. దగ్గరికి వంగి చూసింది. గుంపు వైపు తిరిగింది. "అరే, గీ గుడి శిఖరం మా ఇంట్ల ఉన్నది! గీ సేటే పీకిచ్చిండు!"

అందరూ నవ్వారు. ఎవరూ నమ్మలేదు. సమ్మమ్మ మాత్రం ఫొటోలోని వక్కను వేలితో తడిమి, మెల్లగా అడిగింది. "నాకిచ్చుడుతోని నీకేమన్న లుక్సానయిందా? మల్ల తెచ్చియ్యాల్నా?"

"బోణీ సరుకు వాపసు తీసుకోను," అన్నాడు పాండురంగం, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ.

ఆమె ఆ కాళ్లను చూసింది. గబగబా పోయి, తాను ఆకులమ్మే చోటునుంచి తన పీట తెచ్చి పెట్టె వెనక వేసింది. "గుడి గట్టినోనివి, నిలబడి అమ్ముడేంది? కూసో. నాకు నేల అలవాటే."

సాయంత్రం బస్సులో అతను లెక్క చూసుకున్నాడు. కొట్టు పోయింది. ఏజెన్సీ రాలేదు. ఇటుకలు వెయ్యిన్ని మూడు వందల పన్నెండులో నాలుగు వందలు పొట్లాలుగా పోయాయి, ఒకటి బోణీకి పోయింది, తక్కినవి ఉన్నాయి. ఫొటో ఒకటి. వారానికొకసారి, ములుగు అంగట్లో, పొద్దుగూకేదాకా కూర్చోవడానికి ఒక పీట.